అది తిరుగుడు రోగం కాదు

మా ఇంట్లో మనిషికీ గొర్రెకూ చాలాకాలం ఒకే వైద్యం నడిచింది. కడుపు ఉబ్బితే వాము నీళ్లు, కాలు బెణికితే ఉప్పూ చింతపండూ ఉడికించిన పట్టు, వీటికి లొంగకపోతే వాత. ఇనుప చువ్వను నిప్పుల్లో ఎర్రగా కాల్చి రోగం ఉందనుకున్నచోట అంటిస్తారు, అదే వాత. కోదాడ పక్క చిలుకూరు దగ్గర గొర్లు కాసుకొని బతికే మా పల్లెలో నా చిన్నప్పుడు వాత లేని ఒళ్లు వెతికినా దొరికేది కాదు. నా బొడ్డు పక్కన కూడా ఉన్నాయి. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఏడుపు ఆపలేదని పెట్టారట. పెట్టాక ఇంకా ఎక్కువ ఏడ్చి ఉంటానన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు కోపం ఎక్కువని మా ఆయన అంటుంటాడు. ఉండదా మరి? మాటలు రాకముందే కాల్చి పెంచారు.

2001లో నేను హైదరాబాదులో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఒకరోజు క్లాసులో మా మేడం మనిషి మెదడు ముక్క ఫొటో గోడ మీద వేసి చూపించింది. అల్జీమర్స్‌తో చనిపోయిన మనిషి మెదడు. అక్కడక్కడ ముదురు రంగు మచ్చలు. అవి అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుపోయిన గడ్డలనీ, నరాల కణాల లోపల టౌ అనే ఇంకో ప్రొటీన్ చిక్కుపడి ఉంటుందనీ చెప్పింది. "ఇది బయటి నుంచి వచ్చిన క్రిమి కాదు. మన ఒంట్లో పుట్టిన ప్రొటీనే. ఎలా మడత పడాలో అలా పడలేదు, అంతే" అంది. అంతా రాసుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. ఊరికే చదివానే అని తిట్టుకున్నాను కూడా.

తర్వాత సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. మా ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లులో సూపర్‌వైజరు, రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. మా నాన్న అప్పటికే పోయాడు. అమ్మా, అన్నా వదినా, నాన్నకు తమ్ముడైన చిన్నాయనా పల్లెలోనే ఉండేవాళ్లు. మందను అన్నా చిన్నాయనా కలిసి చూసుకొనేవాళ్లు.

సాయంత్రం మంద ఇంటికి వచ్చే వేళకు మా ఇళ్లలో ఆడవాళ్లకు ఒక పని ఉంటుంది. పొద్దంతా తడికల కొట్టంలో ఉంచిన గొర్రెపిల్లల్ని తీసి, దేని పిల్లను దాని తల్లి కింద విడవాలి. తెలియనివాళ్లకు పిల్లలన్నీ ఒకేలా కనిపిస్తాయి. వేరే గొర్రె కింద విడిస్తే అది వాసన చూసి తన్ని తరిమేస్తుంది, పిల్ల పస్తుంటుంది. అమ్మ ఆ పనిలో ఎన్నడూ తడుముకోలేదు. రెండు చేతుల్లో రెండు పిల్లల్ని పట్టుకొని, ఎవరితోనో మాట్లాడుతూ, కనీసం వంగి చూడకుండా సరైన చోట విడిచేది.

నేను సెలవులకు వెళ్లిన ఒక సాయంత్రం అమ్మ నల్ల పిల్లను చేతిలో పట్టుకొని మంద మధ్యలో నిలబడిపోయింది. ఒక గొర్రె కింద పెట్టింది, అది తన్నింది. ఇంకో గొర్రె కింద పెట్టింది, అదీ తన్నింది. వదిన వచ్చి పిల్లను అందుకొని దాని తల్లి దగ్గర విడిచింది. "కండ్లు మసకైనయి బిడ్డా" అంది అమ్మ నాతో, నవ్వుతూ. చూపు తగ్గినవాళ్లు దేన్నయినా ముఖం దగ్గరకు తెచ్చుకొని చూస్తారు. అమ్మ అలా చూడలేదు. పిల్ల ఆమెకు బాగానే కనిపిస్తోంది, అది ఏ గొర్రెదో తెలియడం లేదు. నాకు భయం వేసింది. ఊరికే చదివాననుకున్న పాఠం ఎక్కడో లోపల కదిలింది.

కోదాడలో డాక్టరుకు చూపించాం. ఆయన అమ్మ నాలుక చూసి, బీపీ చూసి, "వయసండి, అంతే" అన్నాడు. అమ్మకు అప్పటికి అరవై దాటి ఎంతో కాలేదు. "వయసు రోగం పేరు కాదండి" అన్నాను. అన్న నా మోచేయి గుంజాడు. బలానికి సూదులు రాసిచ్చాడు డాక్టరు. ఆ సూదులు అన్నీ వేయించారు. అమ్మ బలంగానే ఉంది, ఆ బలంతో సాయంత్రాలు తిరగడం మొదలుపెట్టింది.

ఆ తిరుగుడే మా కొంప ముంచింది. పొద్దు వాలుతుండగా అమ్మ లేచి గొర్ల కొట్టం చుట్టూ తిరిగేది. ఏమిటమ్మా అంటే "పిల్లలను ఇడవాలె గద" అనేది. కొట్టంలో పిల్లలు ఉన్నా లేకున్నా అదే మాట. అల్జీమర్స్ వచ్చినవాళ్లు చాలామంది సాయంత్రం కాగానే ఇలా కుదురు లేకుండా అవుతారని నేను తర్వాత చదివాను. మా చిన్నాయన చదవలేదు. ఆయన చూసిన లోకంలో గుండ్రంగా తిరిగేవి తిరుగుడు రోగం వచ్చిన గొర్రెలే.

గొర్రెకు ఆ రోగం నిజంగా ఉంది. కుక్క పేగుల్లో పెరిగే ఒక పురుగు గుడ్లు మేతతో గొర్రె కడుపులోకి పోతాయి. అక్కడి నుంచి మెదడుకు చేరి నీటిబుగ్గలా పెరుగుతాయి. గొర్రె తల ఒక పక్కకు వంచి ఉన్నచోటే చుట్టూ తిరుగుతుంది. బుగ్గ పెద్దదయితే పైన ఎముక పలచబడి చేతికి మెత్తగా తగులుతుంది. మావాళ్లు బొటనవేలితో తలంతా నొక్కి ఆ చోటు పట్టుకుంటారు, అక్కడ వాత పెడతారు.

ఒకనాడు చిన్నాయన అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, ముడి విప్పి, తలంతా బొటనవేలితో నొక్కుతూ పోయాడు. అమ్మ కళ్లు మూసుకొని హాయిగా కూర్చుంది, తలకు నూనె పెడుతున్నారనుకున్నట్టుంది. ఎడమ చెవి పైన ఆయన వేలు ఆగింది.

"మెత్తగున్నది" అన్నాడు. "తిరుగుడు రోగమే బిడ్డా. గొర్రెకు ఎట్లొస్తదో మనిషికి గట్లనే. లోపట బుగ్గ కూసున్నది."

నేనూ అక్కడ నొక్కి చూశాను. రాయిలా ఉంది. "ఇది తిరుగుడు రోగం కాదు చిన్నాయనా. మనిషి పుర్రె గట్ల మెత్తబడదు. హైదరాబాదుల పెద్ద డాక్టర్‌కు సూపిద్దం" అన్నాను.

"నువ్వు సదువుకున్నవ్, కాదంట లేను. గని తలకాయలు నేనెన్ని సూసిన్నో నువ్వు సూడలే" అన్నాడాయన.

అన్న ఎటూ చెప్పలేదు. సూద్దాంలే అన్నాడు. నేను హైదరాబాదులో డాక్టరు దగ్గర రోజు తీసుకొని, సెలవు పెట్టుకొని, అమ్మను తీసుకుపోదామని ఏర్పాటు చేసుకుంటుండగానే వదిన ఎస్టీడీ బూత్ నుంచి కాలేజీకి ఫోన్ చేసింది. "ఇయ్యాల్నే వాత పెట్టిస్తున్రు, జల్ది రా" అని పెట్టేసింది. నేను సగం పాఠం వదిలేసి కోదాడ బస్సెక్కాను.

అప్పటికే అయిపోయింది. వాకిట్లోకి అడుగుపెట్టగానే వెంట్రుకలు కాలిన వాసన. అమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. చెవి పైన పసుపు అద్ది ఉంది, దాని కింద మాంసం కనిపిస్తోంది. గొర్రె కసాయివాడినే నమ్ముతుందంటారు. మా అమ్మ మరిదిని నమ్మి, ఎవరూ పట్టుకోకుండానే తల వంచిందట, వదిన చెప్పింది. అమ్మ నన్ను చూసి, "ఏందో కాలింది బిడ్డా" అంది. కాసేపటికి మళ్లీ అక్కడ చెయ్యి తగిలి ఉలిక్కిపడి, "ఇదేంది, ఎట్లయింది?" అని అడిగింది. ఎవరు కాల్చారో, ఎందుకు కాల్చారో ఆమె బుర్రలో నిలవలేదు, మంట ఒక్కటే నిలిచింది. చెయ్యి తగిలినప్పుడల్లా ఆమెకు అది అప్పుడే జరిగింది.

నేను ఏడవలేదు. సంచిలో అమ్మ చీరలు పెట్టడం మొదలుపెట్టాను.

అన్న గుమ్మానికి అడ్డం వచ్చాడు. "ఏడికి తీస్కపోతవ్? కొడుకు బతికుండంగ తల్లి బిడ్డింట్ల ఉంటదా? నలుగురు నా మొకాన ఊస్తరు."

"ఊస్తే తుడుసుకో అన్నా" అన్నాను. "గిది తుడిస్తే పొయ్యేదేనా?"

చిన్నాయనకు ఊరి మాట గురించి చింత లేదు. ఆయన చింత వైద్యం గురించే. "ఒక దిక్కే పడ్డది బిడ్డా. అమాస ఎళ్లినంక రెండో దిక్కు పడాలె. సగం జేసి ఇడిస్తే ఇంకింత ముదురుతది" అన్నాడు, ఎంతో ఓపికగా. ఆ ఓపికే నాకు ఎక్కువ మండించింది. తిడితే తిట్టేదాన్ని. ఆయన అమ్మ మేలు కోరే కాల్చాడు, మేలు కోరే మళ్లీ కాలుస్తానంటున్నాడు. అలాంటివాళ్లతో వాదన పెట్టుకోకూడదు, మనిషిని తీసుకొని బయటపడాలి. నేను అదే చేశాను. అమ్మ నా చెయ్యి పట్టుకొని ఆటో ఎక్కింది. "గొర్లు అచ్చే యాల్లయితుంది" అని కోదాడ బస్టాండు దాకా చెబుతూనే ఉంది.

హైదరాబాదు దవాఖానలో స్కానింగ్ తీశారు, రక్తం చూశారు, అమ్మను కూర్చోబెట్టి చాలాసేపు ప్రశ్నలు అడిగారు. డాక్టరు చెప్పిన పేరు నాకు ముందే తెలుసు. అయినా ఇంకోసారి చెప్పమన్నాను. మాత్రలు రాసి, "ఇవి ఆ ప్రొటీన్‌ను ముట్టుకోవమ్మా. మిగిలిన కణాలతో కొన్నాళ్లు పని నెట్టుకొస్తాయి, అంతే. ప్రొటీన్‌ను కడిగేసే మందు కోసం లోకమంతా ప్రయత్నాలు జరుగుతున్నాయి" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆయనకు దండం పెట్టాను.

అప్పటి నుంచి నేను మళ్లీ విద్యార్థిని అయ్యాను. కాలేజీ అయిపోగానే సూర్యాపేట బస్టాండు వెనక ఇంటర్నెట్ సెంటరులో గంట సేపు కూర్చొనేదాన్ని. పక్కన పిల్లలు సినిమా పాటలు ఎక్కించుకుంటుంటే నేను అమైలాయిడ్ గురించి చదివేదాన్ని. కణాల పొరలో ఉండే పెద్ద ప్రొటీన్ ఒకటి, దాన్ని ఎంజైములు కత్తిరిస్తాయి. కత్తిరింపు ఒకచోట పడితే ఏ హానీ లేదు, ఇంకోచోట పడితే ఆ ముక్కలు ఒకదానికొకటి అంటుకొని పేరుకుంటాయి. మరి టౌ సంగతి? రెండింటిలో ముందు చెడేది ఏది, అసలు దొంగ ఏది అని శాస్త్రవేత్తలు కొట్టుకు చస్తున్నారు. కొందరైతే ఆ గడ్డలు దొంగ కాదు, దొంగ వదిలిన అడుగుజాడలు అంటున్నారు. చదివేకొద్దీ తెలిసింది తక్కువని తెలుస్తుంటే నాకు మా చిన్నాయన మీద కోపం పెరిగింది. ఇంతమంది ఇన్నేళ్లు సూక్ష్మదర్శినిలో చూసి తేల్చుకోలేనిదాన్ని ఆయన బొటనవేలితో తేల్చేశాడు.

ఒకరోజు నాకు నచ్చని విషయం కూడా దొరికింది. కొన్ని దేశాల్లో గొర్రెలకు ఒక జబ్బు వస్తుందట. ఉన్ని ఊడేలా ఒళ్లు గోడకేసి రుద్దుకొని, తూలి, చచ్చిపోతాయి. ఎన్నో ఏళ్లు వెతికితే దానికి కారణం క్రిమి కాదు, మడత తప్పిన ప్రొటీన్ అని తేలింది. చెడు మడత పడ్డది తన పక్కనున్న మంచిదాన్ని కూడా తనలాగే చెడుపుతుంది. మనిషికి వచ్చే అల్జీమర్స్‌లో కూడా ప్రొటీన్ ఇలాగే ఒకదాన్నుంచి ఒకటి చెడుతూ మెదడులో పాకుతుందా అని వెతుకుతున్నారు. అంటే గొర్రెకు ఎలా వస్తుందో మనిషికీ అలాగే అని చిన్నాయన అన్నదాన్ని శాస్త్రం కూడా పూర్తిగా కాదనలేదు, రెండు మెదళ్లు చెడే దారి ఒకటే కావచ్చు. దారి సరే. ఆ దారిలో చువ్వ కాల్చమని ఎవరు చెప్పారు? ఈ సంగతి నేను ఆయనకు చాలాకాలం చెప్పలేదు. చెబితే "నేనన్లే?" అంటాడని నా భయం.

అన్న అప్పుడప్పుడు సూర్యాపేట వచ్చి అమ్మను చూసి పోయేవాడు. గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పకుండా. ఒకసారి కూర్చోబెట్టి చెప్పాను. మా ఇళ్లలో గొంగడి నేయడానికి ఉన్ని వడకడం వాడికి తెలిసిన పనే. "ఉన్ని సక్కగ వడికితే దారం అయితది. చిక్కుబడితే ఏమైతది?"

"పనికిరాదు" అన్నాడు.

"అమ్మ మెదడుల గట్ల చిక్కుబడ్డది. పురుగు లేదు, బుగ్గ లేదు. ఆమె ఒంట్లదే."

అన్న వేళ్లు దారం పురి తిప్పుతున్నట్టు కదిలాయి. "చిక్కు తియ్యరాదా మరి?"

"తీసేటోళ్ల కోసమే సూస్తున్న."

సూర్యాపేటలో మా ఇల్లు కిరాయిది. అమ్మ సాయంత్రాలు ఆ ఇంటి చుట్టూ తిరిగేది, "హుర్ హుర్" అని లేని గొర్లను తోలేది. పక్కవాళ్ల పిల్లలు ఆమె వెనక తోలుతూ నవ్వేవాళ్లు. ఇంటి ఓనరమ్మ మొదట జాలి పడింది, తర్వాత తలుపుకు గడియ పెట్టమంది, ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేయమంది. గడియ పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. అమ్మను పగలంతా ఎండలో మంద వెంట నడిచిన మనిషిగానే నేను ఎరుగుదును. కాళ్లు తిరగమంటుంటే గదిలో వేసి గడియ పెడితే ఇక మిగిలేది ఏమిటి? రెండో వాత చువ్వతోనే పడాలని లేదు.

మా ఆయన తక్కువ మాట్లాడే మనిషి. "మిర్యాలగూడ పోదాం" అన్నాడు ఒకరోజు. ఆయన మిల్లు వెనక ఒక పాత కళ్లం ఉంది. ఉడికించిన వడ్లు ఆరబోయడానికి సిమెంటు పోసిన పెద్ద జాగా, చుట్టూ ప్రహరీ. డ్రయ్యర్ మిషన్లు వచ్చాక దాన్ని వాడటం మానేశారు. ఓనరును అడిగి, ఆ ప్రహరీకి ఆనుకొని ఉన్న రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఇప్పుడు బస్సెక్కి పోయి రావడం నా వంతయింది.

ఆ కళ్లం మీద అమ్మ తిరిగింది. ఎంతసేపు కావాలంటే అంతసేపు తిరిగింది. ఆపేవాళ్లు లేరు, నవ్వేవాళ్లు లేరు. గేటు మూసి ఉంటుంది కాబట్టి లారీల కిందికి పోతుందన్న భయం లేదు. పనికి వచ్చే ఆడవాళ్లు మధ్యాహ్నం అక్కడే నీడకు కూర్చొని తినేవాళ్లు. వేములపల్లి నుంచి వచ్చే ఒకామె అమ్మ చేతిలో ఓ ముద్ద పెడితే, తిరుగుతూనే తినేది. నేను పోయి వచ్చేదాకా ఆమె కనిపెట్టుకొని ఉండేది. తిరగడం ఆపితే రోగం ఆగినట్టు కాదని నేను నేర్చుకున్నది అక్కడే. తిరగనిస్తే అమ్మ రాత్రి నిద్రపోయేది, అన్నం తినేది, కొన్నిసార్లు పాట కూడా పాడేది. నా పేరు పోయింది, అన్న పేరు పోయింది, నాన్న పేరు ఇంకొన్నాళ్లు ఉండి పోయింది. కాళ్లు మాత్రం దేన్నీ మర్చిపోలేదు.

ఆ ఏళ్లలో నేను ఒక్క వార్త కోసం కాచుకొని కూర్చున్నాను. అమైలాయిడ్‌ను మెదడు నుంచి కడిగేసే మందును వేల మంది రోగుల మీద పరీక్షిస్తున్నారని తెలుసు. అది వస్తే అమ్మకు అందుతుందా, అందినా పోయింది తిరిగి వస్తుందా అని నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు తెలుసు. అయినా ఎదురుచూశాను. 2012లో ఫలితాలు వచ్చాయి. ఆ మందు మతిమరుపును ఆపలేకపోయింది. బస్సులో పేపరు మడిచి ఒళ్లో పెట్టుకొని వేములపల్లి దాటేదాకా కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాను.

ఆ వార్త అన్నకు కూడా చేరింది. కోదాడలో టీ కొట్టు దగ్గర ఎవరో చదివి చెప్పారట. తర్వాతి ఆదివారం అన్నా చిన్నాయనా కలిసి మిర్యాలగూడ వచ్చారు. అమ్మ పుల్లలా చిక్కిపోయిన రోజులవి, అడుగులు పొట్టివయ్యాయి, అయినా కళ్లం మీద తిరుగుతూనే ఉంది. ఇద్దరూ ప్రహరీ నీడలో కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను.

అన్న గొంతు సవరించుకున్నాడు. "చెల్లె, నీ ఆశ నువ్వు సూసుకున్నవ్. ఇన్నేండ్లు ఉంచుకున్నవ్, నేనేమన్లే. ఇప్పుడు ఆ మందు గూడ పనిజెయ్యలేదంట గద. ఇగ అమ్మను ఇంటికి తీస్కపోతం. సచ్చిపోయే ముందన్న కొడుకింట్ల ఉండాలె. చిన్నాయన రెండో దిక్కు గూడ పెడతనంటుండు. మిగిలింది అదొక్కటే."

"మీదీ పనిజెయ్యలే, మాదీ పనిజెయ్యలే" అన్నాడు చిన్నాయన. "ఇద్దరం ఒక్కటే బిడ్డా. మాది సగమే అయింది, పూర్తి జెయ్యనీ."

నేను నిలబడ్డాను. మిల్లు మోత ఉంది, కాబట్టి గట్టిగానే మాట్లాడి ఉంటాను.

"ఒక్కటి కాదు చిన్నాయనా. వాళ్లు లెక్కలేనన్ని పైసలు పెట్టిన్రు, ఏండ్లకేండ్లు కష్టపడ్డరు. ఆఖరికి పనిజెయ్యలేదని ఎవరు సెప్పిన్రు? వాళ్లే సెప్పిన్రు. పేపర్ల ఏసి లోకమంతటికి సెప్పిన్రు. తప్పు ఏడుందో మళ్ల ఎతుకుతున్రు. నువ్వు ఇన్నేండ్ల సంది వాతలు పెడుతున్నవ్. గొర్లకు పెట్టినవ్, మనుషులకు పెట్టినవ్, నాకు పెట్టిన్రు, మా అమ్మకు పెట్టినవ్. ఒక్కనాడన్న ఇది పనిజెయ్యలే అన్నవా? నీ నోటెంట ఆ మాట ఎన్నడన్న వచ్చిందా?"

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. అమ్మ కళ్లం అవతలి కొస నుంచి ఇటు తిరిగి వస్తోంది. అన్న ఆమె చెవి పైన వెంట్రుకలు మొలవని చోటు చూస్తూ, "పనిజెయ్యలే" అన్నాడు. మెల్లగా, కానీ నాకు వినబడేలా. "ఆ రోజే తెల్సు నాకు. వాత పడ్డ ఆ మాపటికే మళ్ల తిరిగింది."

మా ఇంట్లో ఆ మాట అన్న మొదటి మనిషి వాడు.

చిన్నాయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ముసలివాడైపోయాడని అప్పుడు గమనించాను. "తిరుగుడు రోగం వచ్చిన గొర్రె ఒక్కటి గూడ బతకలే బిడ్డా" అన్నాడు. "మా అయ్య పెట్టంగ బతకలే, నేను పెట్టంగ బతకలే."

ఇన్నేళ్లూ ఈయన నమ్మి చేశాడనుకొని కాస్త అయినా మినహాయింపు ఇచ్చాను. "తెల్సి గూడ మా అమ్మకు ఎట్ల పెట్టినవ్?"

"మరేం జెయ్యాలె?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "వదినె మనలను మర్శిపోతాంటె ఉత్తగ సూస్కుంట కూసునుడు ఎట్ల బిడ్డా? ఏదన్న జెయ్యకుండ ఎట్లుంటం?"

నేను ఆయనను క్షమించలేదు. ఈ రోజుకీ క్షమించలేదు, ఆయన కన్నీళ్లకు నా కోపం కరిగిందని చదివేవాళ్లు ఎవరైనా అనుకుంటే ఆ ఆశ వదులుకోండి. ఏదైనా చేయాలన్న ఆ ఆత్రం నాకు తెలియనిది కాదు. ఇంటర్నెట్ సెంటరులో నన్ను కూర్చోబెట్టిందీ అదే. కానీ ఆత్రం మనది, కాలేది ఇంకొకరిది అయినప్పుడు చేతులు కట్టుకొని కూర్చోవడం నేర్చుకోవాల్సిందే. అది రాకపోతే ఇంకో పని ఉంది.

"ఏదన్న జెయ్యాల్నంటె గా పని జెయ్యి" అన్నాను అమ్మ వైపు చూపించి. "లే. ఆమెతోని తిరుగు."

ఆయన నా ముఖం చూశాడు. ఎగతాళి చేస్తున్నానేమో అనుకున్నట్టుంది. నేను చెయ్యి దించలేదు. అన్న జరిగి ఆయనకు దారి ఇచ్చాడు.

చిన్నాయన మోకాళ్లు పట్టుకొని లేచాడు. తలపాగా అక్కడే వదిలేసి, చెప్పులు విడిచి, ఎండకు కాలుతున్న సిమెంటు మీద వట్టి కాళ్లతో నడిచి అమ్మ పక్కకు చేరాడు. తిరుగుడు రోగమని ఆయన పేరు పెట్టిన దారిలోనే ఆమె అడుగుకు అడుగు కలిపాడు. రెండు చుట్లు ఆమె ఆయనను పట్టించుకోలేదు. మూడో చుట్టులో ఆగి, తల పైకెత్తి, అపరిచితుణ్ని చూసినట్టు చూసింది.

"ఎవరి గొర్లు కాస్తున్నవయ్యా?" అని అడిగింది.

"నీయే వదినె" అన్నాడు చిన్నాయన.

"అయితే ఎనక రా" అని అమ్మ ముందుకు నడిచింది.